పోయిన చోటే వెతుక్కోవాలి

ఆ రోజు ఆదివారం. రాత్రి తొమ్మిదిన్నరకి భోజనం అయ్యాక ‘ఒక్క ఆట ఆడి పడుకుందాం’ అనుకుని ఫోన్లో చెస్ యాప్ తెరిచాను. రేటింగ్ 1512. నెలల తరబడి తిప్పలు పడితే 1500 దాటి అప్పటికి మూడు రోజులే అయింది. స్క్రీన్‌షాట్ తీసి వాట్సాప్ స్టేటస్‌లో కూడా పెట్టుకున్నాను.

మొదటి ఆట ఓడిపోయాను. పోయిన ఎనిమిది పాయింట్లు రాబట్టుకుని పడుకుందామని ఇంకోటి మొదలుపెట్టాను. అదీ పోయింది. ఇప్పుడు పదహారు పాయింట్లు రాబట్టాలి. ఇలా ఎన్ని ఆడానో లెక్కలేదు. మధ్యలో ఎవరో బ్రెజిల్ కుర్రాడు గెలిచాక ‘గుడ్ గేమ్’ అని పెడితే, నన్ను వెక్కిరిస్తున్నాడనుకుని వాడిని బ్లాక్ చేశాను. చివరికి టైమ్ చూస్తే పన్నెండూ యాభై. ఆడినవి 22. గెలిచినవి 5, ఓడినవి 17. రేటింగ్ 1416.

అసలు బాధ ఆ నంబర్ కాదు. తొమ్మిదీ ముప్పావుకి ఒంగోలు నుంచి నాన్న ఫోన్ చేశారు. పోస్టాఫీసులో రిటైరయ్యాక ఆయన కూడా అదే యాప్ వేసుకున్నారు. రేటింగ్ 900 చిల్లర. ఆదివారం రాత్రి నాతో ఒక్క ఆట ఆడటం ఆయనకి అలవాటు. మేమిద్దరం ఆడే ఆటకి పాయింట్లు కలవవు కదా, ‘దీనివల్ల నాకేంటి’ అనిపించి ఫోన్ కట్ చేశాను. ‘బిజీ నాన్నా, రేపు’ అని మెసేజ్ పెట్టాను. అలా కట్ చేయడం వరసగా అది మూడో ఆదివారం.

చిన్నప్పుడు కరెంటు పోతే ట్రంకు పెట్టె మీద బోర్డు పరిచి, కొవ్వొత్తి వెలుగులో నాకు ఆట నేర్పింది ఆయనే. పోయిన ఏనుగు బదులు కొబ్బరినూనె సీసా మూత పెట్టి ఆడేవాళ్లం. అలాంటి మనిషికి బిజీ అని చెప్పి, ముక్కూ మొహం తెలియని 22 మందితో మూడు గంటలు కొట్లాడాను.

దీనికో పేరుంది

ఇలాంటి స్థితిని ‘టిల్ట్’ అంటారు. ఈ మాట పాత పిన్‌బాల్ మెషీన్ల నుంచి వచ్చింది. బంతి కింద పడిపోతుంటే ఆడేవాడు కోపంతో మెషీన్‌ని పట్టుకుని ఊపేవాడు. మరీ గట్టిగా ఊపితే ‘టిల్ట్’ అని లైటు వెలిగి మీటలు పనిచేయడం మానేసేవి. బంతి అలా చూస్తుండగానే పోయేది. పోకర్ ఆడేవాళ్లు ఈ మాటని తెచ్చుకుని, కోపంలో బుర్ర పనిచేయడం మానేసిన స్థితికి వాడటం మొదలుపెట్టారు. అక్కడి నుంచి చెస్‌కీ, వీడియో గేమ్స్‌కీ పాకింది.

పోకర్‌లో టిల్ట్ అయితే డబ్బు పోతుంది కాబట్టి దీని గురించి బాగా ఆలోచించింది ఆ ఆటవాళ్లే. సైకాలజీ చదువుకున్న కోచ్ జారెడ్ టెండ్లర్ 2011లో ‘ద మెంటల్ గేమ్ ఆఫ్ పోకర్’ అని పుస్తకం వేశాడు. టిల్ట్ ఒకటే కాదు, ఏడు రకాలుంటాయంటాడు అందులో. చదువుతుంటే నాలుగు అచ్చంగా నావే.

ఒకటి, పగ. నన్ను ఓడించినవాడితోనే మళ్లీ ఆడి తీరాలి. రెండు, అన్యాయం. ‘వాడికి లక్కు కలిసొచ్చింది, నాకు నెట్ స్లో అయింది.’ మూడు, నా తప్పు మీద నాకే కోపం. ఒక పావు ఊరికే ఇచ్చేశాక, మిగిలిన ఆటంతా నన్ను నేను తిట్టుకుంటూ ఆడటం. నాలుగోది ఒప్పుకోవడానికి సిగ్గేస్తుంది, అహం. ‘1400 వాడి చేతిలో నేను ఓడటమేంటి?’ వాడు కూడా నా గురించి అదే అనుకుంటున్నాడేమో అన్న ఆలోచన రాలేదు.

మీ టిల్ట్ ఏ రకమో తెలియడం ముఖ్యం. ఎందుకంటే మందు ఒక్కోదానికి ఒక్కోటి. పగ పుట్టినప్పుడు ఫోన్ పక్కన పెడితే చాలు. అహానికి అది సరిపోదు, లెక్కలు కావాలి.

నాణెం చెప్పిన నిజం

నేను సాఫ్ట్‌వేర్ ఇంజినీర్ని. లెక్కలైతే కాస్త వింటాను.

చెస్ రేటింగ్ పద్ధతిని తయారుచేసింది ఆర్పాడ్ ఎలో అనే ఫిజిక్స్ ప్రొఫెసర్. ఆయన పేరు మీదే దాన్ని ‘ఎలో రేటింగ్’ అంటారు. ఇద్దరి మధ్య తేడా సున్నా అయితే గెలిచే అవకాశం సగం సగం. మీకు 100 పాయింట్లు ఎక్కువుంటే, 100 ఆటలకి మీకు రావాల్సిన పాయింట్లు దాదాపు 64. అంటే అప్పుడు కూడా మూడో వంతు పైగా పాయింట్లు ఎదుటివాడికే పోతాయి.

ఇప్పుడు అసలు కిటుకు చూడండి. యాప్ ఎప్పుడూ మీ రేటింగ్‌కి దగ్గరగా ఉన్నవాళ్లనే మీకు జత చేస్తుంది. మీరు మెరుగైతే ఇంకా గట్టివాళ్లని తెచ్చి కూర్చోబెడుతుంది. 1000 దగ్గరున్నా, 2000 దగ్గరున్నా మీరు ఆడేవాటిలో సుమారు సగం ఓడిపోతూనే ఉంటారు. ‘బాగా నేర్చుకుంటే ఓటములు ఆగిపోతాయి’ అని ఎదురుచూస్తే ఆ రోజు ఎప్పటికీ రాదు.

ఒక సాయంత్రం పైథాన్‌లో ఇరవై లైన్ల కోడ్ రాశాను. గెలుపు ఓటములు సరిగ్గా సగం సగం ఉండే ఆటగాడు 100 ఆటలు ఆడితే ఎక్కడో ఒకచోట వరసగా 5 ఓడిపోయే అవకాశం ఎంత? డ్రాలు లేవనుకుందాం. సుమారు 81 శాతం వచ్చింది. వరసగా 6 అయితే 55 శాతం. వరసగా 7 కూడా 32 శాతం దాకా ఉంది. నాణెం ఎగరేసినా ఇంతే. అంటే వరసగా ఐదు ఓడిపోవడం నా పతనానికి సూచన కాదు, మామూలు నెలలో మామూలుగా జరిగేదే.

అయితే అదే లెక్క నన్ను ఇంకోచోట పట్టుకుంది. నాణెం 22 సార్లు వేస్తే 17 లేదా అంతకంటే ఎక్కువ బొరుసులు పడే అవకాశం ఒక్క శాతం కంటే తక్కువ. కాబట్టి ఆ ఆదివారం మొదటి నాలుగైదు ఓటముల్ని అదృష్టం ఖాతాలో రాసుకోవచ్చు. మిగతావి నా ఖాతాలోవే. అక్కడ ఆడింది నేను కూడా కాదు, నా కోపం.

నాన్న అడిగిన ప్రశ్న

తర్వాత రెండు వారాలకి కంటి పరీక్ష కోసం నాన్న హైదరాబాద్ వచ్చి కొండాపూర్‌లో నా దగ్గర నాలుగు రోజులున్నారు. ఒక రాత్రి నేను సోఫాలో కూర్చుని ఆడుతుంటే వెనక నిలబడి చూస్తున్నారు. ఓడిపోయాను. బొటనవేలు తనంతట తనే ‘కొత్త ఆట’ బటన్ మీదకి వెళ్లిపోయింది.

“ఇప్పుడెందుకు ఓడిపోయావురా?” అన్నారు.

“టైమ్ అయిపోయింది నాన్నా.”

“అంతకుముందే గుర్రం పోయింది కదా?”

నిజంగా గుర్తులేదు. పది సెకన్ల కిందట అయిపోయిన ఆటలో నా గుర్రం ఎప్పుడు పోయిందో నాకు తెలీదు. తప్పించుకోవడానికి నవ్వేసి, “పోయిన చోటే వెతుక్కోవాలని నువ్వే అనేవాడివిగా. అదే చేస్తున్నా” అన్నాను.

“పోయిన చోట వెతుక్కోమన్నారు. నువ్వు పక్క ఊరికెళ్లి వెతుకుతున్నావు” అని కళ్లజోడు తీసి పడుకోవడానికి వెళ్లిపోయారు.

ఈ సామెత మన దగ్గర పేకాటవాళ్ల నోట్లో ఎక్కువ వినిపిస్తుంది. పోయింది ఇక్కడే కాబట్టి ఇంకో ఆట వేసి ఇక్కడే రాబట్టాలని దాని అర్థం మార్చేశారు. నేనూ రాత్రంతా అదే చేస్తున్నాను. కానీ పోయింది కొత్త ఆటలో కాదు కదా. అయిపోయిన ఆటలో, ఎక్కడో పద్నాలుగో ఎత్తు దగ్గర పోయింది. అక్కడికి నేను ఒక్కసారి కూడా తిరిగి వెళ్లలేదు.

ఆఫీసులో మాత్రం ఈ పని నాకు బాగా తెలుసు. సర్వర్ పడిపోతే ముందు దాన్ని లేపుతాం. మర్నాడు కూర్చుని ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగిందని వరసగా రాస్తాం. ఎవర్నీ తిట్టకూడదనేది అందులో మొదటి రూల్. తిడతారని భయముంటే ఎవరూ నిజం చెప్పరు. మరి నా ఆట పడిపోయినప్పుడు నేను చేస్తున్నదేంటి? కారణం చూడకుండా సర్వర్‌ని మళ్లీ మళ్లీ రీస్టార్ట్ చేయడం, పైగా నన్ను నేనే తిట్టుకోవడం.

60 ఓటముల పోస్ట్‌మార్టం

నాన్న ఊరెళ్లిన రాత్రి, నేను చివరగా ఓడిన 60 ఆటల్ని డౌన్‌లోడ్ చేశాను. రోజుకి ఆరు చొప్పున పది రోజులు చూశాను. ముందు కంప్యూటర్ సాయం లేకుండా, ఆట ఎక్కడ చేజారిందో నా మాటల్లో ఒక్క లైన్ రాసుకోవడం. ఆ తర్వాతే కంప్యూటర్ ఏమంటుందో చూడటం.

లెక్క ఇలా తేలింది. ఒకే ఒక్క ఎత్తులో పావుని ఊరికే ఇచ్చేసినవి 23. టైమ్ అయిపోయి పోయినవి 14. పావులు తగ్గిపోయాక, చివరి అంకం ఆడటం రాక పోయినవి 8. ఓపెనింగ్ తెలియక పోయినవి 9. మిగిలిన 6 ఆటల్లో ఎదుటివాళ్లు నిజంగానే నాకంటే బాగా ఆడారు.

సంవత్సరం నుంచి నేను చూస్తున్న యూట్యూబ్ వీడియోలన్నీ ఓపెనింగ్ గురించే. పైకప్పు కారుతుంటే నేను గుమ్మానికి రంగులేస్తున్నాను.

ఇంకో అంకె మరీ గుచ్చుకుంది. 60లో 41 ఆటలు, అంతకుముందు ఆట ఓడిన రెండు నిమిషాల్లోపే మొదలుపెట్టినవి. ఓపెనింగూ కాదు, తెలివితేటలూ కాదు. నా అతిపెద్ద బలహీనత ఆ రెండు నిమిషాలు.

విచిత్రం ఏంటంటే, ఆ పది రోజుల్లో ఒక్క ఆట కూడా ఆడకపోయినా ఆట మీద ఇష్టం తిరిగొచ్చింది. అంతకుముందు మూడుసార్లు యాప్ డిలీట్ చేసినవాణ్ణి. మన వరంగల్ అబ్బాయి అర్జున్ ఇరిగేశి 2024 డిసెంబర్ ఫిడే జాబితాలో 2800 దాటితే సంతోషపడుతూనే, ‘నాకు ఇరవై ఎనిమిదేళ్లొచ్చాయి, ఇంకెందుకీ ఆట’ అనుకున్నవాణ్ణి. ‘నేను పనికిరాను’ అనే దిగులుకి మందు లేదు. ‘23 ఆటల్లో పావు ఊరికే ఇచ్చాను’ అనేదానికి ఉంది. ఏం బాగుచేయాలో తెలియగానే చేయాలనిపించడం దానంతటదే వస్తుంది. మోటివేషన్ వీడియోలు చూసి తెచ్చుకున్నది మర్నాటికి ఉండదు.

ఇప్పుడు నేను పాటిస్తున్నవి

*రెండు ఓటములు, ఆపై బంద్.* వరసగా రెండు ఓడితే ఆ రోజుకి ఆట ముగిసినట్టే. ఈ నిర్ణయం ఆట మొదలుపెట్టక ముందే తీసుకోవాలి. ఓడిపోయాక నిర్ణయం తీసుకునేది కోపమే, దాన్ని అడిగితే ‘ఇంకొక్కటి’ అనే అంటుంది.

*రాశాకే ఆడాలి.* ఓడిన ఆట గురించి ఒక్క లైన్ రాయకుండా కొత్త ఆట మొదలుపెట్టను. రాయడానికి మూడు నాలుగు నిమిషాలు పడుతుంది. ఆ ప్రమాదకరమైన రెండు నిమిషాలు ఈలోగా దాటిపోతాయి.

*నెమ్మది ఆట.* ఐదు నిమిషాల ఆటలు మానేసి పదిహేను నిమిషాలవి ఆడుతున్నాను. వేగంగా ఆడితే అలవాట్లు బయటపడతాయి, మారవు. మారడానికి ఆలోచించే టైమ్ కావాలి.

*రేటింగ్ కనిపించకుండా.* చాలా యాప్‌లలో ఆడేటప్పుడు రేటింగ్‌ని దాచే సెట్టింగ్ ఉంటుంది. ఎదుటివాడు 1400 అని తెలియకపోతే అహానికి పనే ఉండదు.

*చేతిలో ఉన్న లక్ష్యం.* ‘ఈ నెలలో 1600’ అనుకోవడం మానేశాను, ఎందుకంటే అందులో సగం నా చేతిలో లేదు. ‘రోజూ 10 పజిల్స్, టైమర్ లేకుండా. ప్రతి ఎత్తుకి ముందు, వాడు నా పావుల్లో దేన్ని కొట్టగలడని ఒక్క ప్రశ్న.’ ఇది పూర్తిగా నా చేతిలో ఉంది. పజిల్స్, కంప్యూటర్ విశ్లేషణ లీచెస్ లాంటి సైట్లలో ఉచితంగానే దొరుకుతాయి కాబట్టి డబ్బు సాకు కూడా లేదు.

ఏడు నెలల్లో పదిహేను నిమిషాల ఆటల్లో నా రేటింగ్ 1430 నుంచి 1560కి వచ్చింది. అద్భుతమేమీ కాదు. రూల్ తప్పిన రాత్రులూ ఉన్నాయి, లెక్కపెడితే నాలుగు. కానీ ఉదయం స్టాండప్ మీటింగ్‌లో నిద్రమొహంతో జూనియర్ల మీద విసుక్కోవడం తగ్గింది. దాన్ని కొలిచే రేటింగ్ ఏ యాప్‌లోనూ లేదు.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. నాకు పోయింది అంకె, నిద్ర. అదే టిల్ట్ డబ్బు పెట్టి ఆడే ఆటలో వస్తే పోయేది జీతం. రమ్మీ, పోకర్ లాంటివి డబ్బు పెట్టి ఆన్‌లైన్లో ఆడటాన్ని తెలంగాణ 2017లోనే నిషేధించింది. 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసి, డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని దేశమంతటా నిషేధించింది. ‘రాబట్టుకుందాం’ అనే మాట మీ మనసులో తరచూ వినిపించే రకమైతే, అటువైపు అసలు వెళ్లకండి.

పెద్దవాళ్లకీ కోపమొస్తుంది

2025 జూన్‌లో నార్వే చెస్ టోర్నీలో గుకేశ్ చేతిలో ఓడిపోయిన మాగ్నస్ కార్ల్‌సన్ బల్ల మీద పిడికిలితో ఎలా గుద్దాడో మీరు చూసే ఉంటారు. దెబ్బకి పావులు ఎగిరిపడ్డాయి. ప్రపంచంలో నంబర్ వన్‌కే అంత కోపం వస్తే మనకి రావడం తప్పేం కాదు. అయితే ఆ వీడియో చూసినవాళ్లలో చాలామంది పట్టించుకోని సంగతి ఇంకోటుంది. అతను వెంటనే గుకేశ్‌కి సారీ చెప్పాడు. తర్వాత ఆటలు కుదురుగా ఆడి ఆ టోర్నీ గెలిచాడు.

గుకేశ్ సంగతి కూడా చూడండి. 2024 నవంబర్‌లో సింగపూర్‌లో ప్రపంచ ఛాంపియన్‌షిప్ మ్యాచ్ మొదటి ఆటే, అదీ తెల్ల పావులతో ఆడి, డింగ్ లిరెన్ చేతిలో ఓడిపోయాడు. మూడో ఆటలో గెలిచి లెక్క సరిచేశాడు. పన్నెండో ఆటలో మళ్లీ దెబ్బతిన్నాడు. పద్నాలుగో ఆట గెలిచి పద్దెనిమిదేళ్లకే ప్రపంచ ఛాంపియన్ అయ్యాడు.

నాకు అందరికంటే దగ్గరగా అనిపించేది మన కోనేరు హంపి. 2024 డిసెంబర్‌లో న్యూయార్క్‌లో మహిళల ప్రపంచ ర్యాపిడ్ ఛాంపియన్‌షిప్‌లో ఆమె మొదటి రౌండే ఓడిపోయారు. మిగిలినవి 10 రౌండ్లు. ఒక రౌండు అవగానే ఇంకోటి, బాధపడటానికి కూడా తీరిక ఉండని పోటీ అది. చివరికి 11కి 8.5 పాయింట్లతో టైటిల్ ఆమెదే. అప్పటికి ఆమెకి 37 ఏళ్లు. 2019లో మాస్కోలో గెలిచాక అది రెండోసారి. ఇరవై ఎనిమిదేళ్లకే ‘ఇంకెందుకు’ అనుకున్న నాకు ఈ ఒక్క సంగతి చాలు.

ఆదివారం తొమ్మిదీ ముప్పావు

ఇప్పుడు ఆదివారం రాత్రి ఫోన్ నేనే చేస్తున్నాను. స్పీకర్ ఆన్ చేసి, ఇద్దరం యాప్‌లో పదిహేను నిమిషాల ఆట ఆడతాం. నేను ‘క్వీన్’ అంటే ఆయన ‘మంత్రి’ అంటారు. ఎక్కువసార్లు నేనే గెలుస్తాను. ఆయనేమీ పట్టించుకోరు.

పోయిన వారం కూడా ఆయనే ఓడిపోయారు. ‘సరే నాన్నా, పడుకో’ అని ఫోన్ పెట్టేయబోతుంటే అటునుంచి కాగితాల చప్పుడు వినిపించింది.

“ఆగరా, అప్పుడే పెట్టేయకు. నా గుర్రం ఎక్కడ పోయిందో చూద్దాం.”

ఆట అరగంటలోపే అయిపోయింది. ఆ గుర్రాన్ని వెతుక్కోవడానికి మాత్రం నలభై నిమిషాలు పట్టింది. పద్దెనిమిదో ఎత్తు దగ్గర దొరికింది.